‘కారణం తెలియరాలేదు’ అంటే చాలదు, మంత్రి గారూ

గౌరవనీయులైన అటవీ, పర్యాటక శాఖల మంత్రి గారికి,

నమస్కారాలు.

కొండబాట మీద జరిగిన మరణాల గురించి మేం పెట్టుకున్న వినతిపత్రాలు మీ పేషీలో ఎక్కడో ఒకచోట ఉండే ఉంటాయి. ముద్ర వేసి మరీ తీసుకున్నారు కాబట్టి అందలేదనడానికి లేదు. విచారణ నివేదిక మొత్తం ప్రజల ముందు పెడతామని మైకుల ముందు చెప్పింది తమరే. పెట్టారు కూడా, కాదనం. ఒక్క పేజీ. అందులో విషయం ఉన్న వాక్యం ఒకటే: మరణ కారణం తెలియరాలేదు. మిగతాదంతా సంతాపం.

ఆ తర్వాత ఏం జరిగిందో మీరెరగనిది కాదు. పాత గని నుంచి విషవాయువు వచ్చిందని ఒకరు, ఏట్లో ఎవరో ఏదో కలిపారని ఇంకొకరు, పిడుగని, ఆత్మహత్యని, హత్యని, చివరికి ప్రభుత్వమే ఏదో దాస్తోందని మరికొందరు. బాట పక్కన బతికేవాళ్లను పట్టుకుని ఆ రోజు ఎక్కడున్నారని నిలదీసేదాకా వచ్చింది. మీ శాఖ వెంటనే స్పందించింది. వదంతులు నమ్మవద్దని ప్రకటన ఇచ్చింది. వాటిని నమ్మకపోతే మరి దేన్ని నమ్మాలో మాత్రం అందులో రాయలేదు.

అయ్యా, జనం ఊహించుకోవడం తప్పని మేం అనలేం. చెప్పాల్సినవాళ్లు చెప్పనప్పుడు ఊహించక ఏం చేస్తారు? మా బాధ వేరే. ఇలాంటి కేసుల్లో చాలావాటికి జవాబు దొరికే అవకాశం మొదటి కొన్ని గంటల్లోనే ఉంటుంది. ఆ గంటల్లో చేయాల్సిన పని చేయకుండా, తర్వాత నెలలపాటు ల్యాబు రిపోర్టుల కోసం ఎదురుచూస్తున్నామని చెప్పడం మీ శాఖకు అలవాటైపోయింది. నమూనా తీసి పంపకపోతే ల్యాబు మాత్రం ఏం చెబుతుంది?

మొదట వెళ్లే గాలింపు బృందం సంచి విప్పి చూడండి. తాళ్లు, టార్చిలు, వాకీటాకీలు, మడత స్ట్రెచరు, శవాల సంచులు ఉంటాయి. థర్మామీటరు ఉండదు. అడిగితే, చనిపోయినవాళ్లకు జ్వరం చూసేదేముందని నవ్వే అధికారులున్నారు. వాళ్లకోసమే ఇంత వివరంగా రాస్తున్నాం.

ఇది వడదెబ్బేనని తేల్చి చెప్పే గుర్తు శవపరీక్షలో ఏదీ దొరకదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, అవయవాల్లో రక్తం నిలిచిపోవడం, అక్కడక్కడ సన్నటి రక్తపు చుక్కలు, ఇవన్నీ వేరే కారణాలకూ వస్తాయి. డాక్టరు ధైర్యంగా వడదెబ్బ అని రాయాలంటే ఆధారాలు మూడే: దొరికిన వెంటనే చూసిన ఒంటి లోపలి వేడి, ఆ చోట ఆ పూట ఉన్న ఎండ, మిగతా కారణాలేవీ కావని తేలడం. మొదటిది పోయిందంటే మళ్లీ రాదు.

జ్వరం చూసే మామూలు థర్మామీటరు దీనికి పనికిరాదు. అది సాధారణంగా సెల్సియస్‌లో 35కూ 42కూ మధ్యే చూపిస్తుంది. వడదెబ్బకు పోయినవాళ్ల ఒళ్లు అంతకంటే ఎక్కువ ఉండొచ్చు, చలికి పోయినవాళ్లది చాలా తక్కువ ఉండొచ్చు. 0 నుంచి 50 డిగ్రీల దాకా చూపించే, పొడుగాటి ప్రోబ్ (లోపలికి పెట్టే కడ్డీ) ఉన్నది కావాలి. డాక్టరు గానీ, దానికని శిక్షణ పొందిన మనిషి గానీ మలద్వారం గుండా 10 సెంటీమీటర్ల లోతున కొలవాలి. లైంగిక దాడి అనుమానం ఏ కాస్త ఉన్నా ముందు స్వాబులు (దూదిపుల్లతో తీసే నమూనాలు) తీయాలి, ఆ తర్వాతే ప్రోబ్. గంట ఆగి మళ్లీ ఒకసారి చూడాలి. అదే సమయానికి శవం పక్కన నీడలో గాలి వేడి, శవం కింద నేల వేడి రాసుకోవాలి, ప్రతి అంకె పక్కన టైము వేయాలి. ఇదంతా ఎందుకంటే, చల్లటి చోట శవం సుమారుగా గంటకో డిగ్రీ చొప్పున చల్లబడుతుంది గానీ 42 డిగ్రీల ఎండలో పడి ఉన్నది చల్లబడనే చల్లబడదు. గాలి వేడి రాయకుండా ఒంటి వేడి ఒక్కటే రాసిన కాగితం చిత్తుకాగితమే. ఒంటి వేడీ రాయకపోతే ఆ కాగితమూ లేనట్టే. మన కేసులో ఉన్నది ఆ లేనిదే.

ఇక ఆ పూట ఎండ సంగతి. మీ పేజీలో వేసిన ఉష్ణోగ్రత దగ్గరి పట్నం వాతావరణ కేంద్రానిది. ఆ కేంద్రంలో పరికరం తెల్లటి పెట్టెలో, గాలి ఆడే నీడలో, నేలకు మనిషి ఎత్తులో ఉంటుంది. చనిపోయినవాళ్లు నడిచింది నీడ లేని వాలు మీద. బాట వాలు సూర్యుడికి ఎదురుగా ఉండి, పాత కార్చిచ్చులో చెట్లు కాలిపోయి ఉంటే అక్కడి నేల గాలికన్నా ఎన్నో డిగ్రీలు ఎక్కువ కాలుతుంది. ఆ వేడి కింద నుంచి, ఎండ పైనుంచి. అందుకే సైన్యాల్లో, కర్మాగారాల్లో గాలి వేడి ఒక్కటే చూడరు, తడి బట్ట చుట్టిన థర్మామీటరు, నల్ల గోళంలో పెట్టిన థర్మామీటరు, మామూలు థర్మామీటరు మూడూ పెట్టి 0.7, 0.2, 0.1 పాళ్లలో కలిపి లెక్క కడతారు. అంత సరంజామా ప్రతి మలుపులో పెట్టమనడం లేదు. మరుసటి రోజు అదే గంటకు అదే మలుపులో ఒక మనిషిని నిలబెట్టి కొలిపించవచ్చు కదా? ఆకాశం అలాగే ఉంటే ఆ అంకె పట్నం అంకెకన్నా వెయ్యి రెట్లు నయం.

మా మాట నమ్మబుద్ధి కాకపోతే 2021 ఆగస్టులో అమెరికాలోని కాలిఫోర్నియాలో, యోసెమిటీకి దగ్గర్లో, మారిపోసా కౌంటీలో జరిగింది చూడండి. భార్యాభర్తలు, ఏడాది వయసున్న పాప, కుక్క, నలుగురూ బాట మీదే చనిపోయి దొరికారు. ఒంటి మీద గాయాల్లేవు. మొదట్లో విషవాయువుల ప్రమాదం ఉందన్నట్టే ఆ చోటును చుట్టుముట్టారు. గని వాయువని, కార్బన్ మోనాక్సైడని, ఏట్లో నాచు విషమని, పిడుగని, సయనైడని, అనని మాట లేదు. ఆ ఏట్లో నాచు విషం అనటాక్సిన్ నిజంగానే బయటపడింది కూడా, దాంతో ఆ ఊహకు ఇంకా బలం వచ్చింది. అక్టోబరు 21న అక్కడి షెరిఫ్ (కౌంటీ పోలీసు అధికారి) మైకు ముందుకొచ్చి చెప్పింది ఎండ దెబ్బ, బహుశా ఒంట్లో నీరు తగ్గిపోవడం అని. అది చెప్పడమే కాదు, ఏ గంటకు బాటలో ఏ చోట ఎంత ఎండ ఉందో, వాళ్ల దగ్గర ఎంత నీళ్లు పట్టే సంచి ఉందో, అది ఖాళీగా దొరికిందో లేదో అన్నీ చెప్పారు. ఏది కాదనుకున్నారో అదీ చెప్పారు. కుక్క సంగతి మాత్రం కచ్చితంగా తేల్చలేకపోయామని ఒప్పుకున్నారు. ఒప్పుకుంటే పరువేమీ పోలేదు.

ఆ కాలిఫోర్నియా బాట నైజం చూడండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొండ పైనుంచి సుమారు 600 మీటర్లు కిందికి, ఏటి దాకా దిగుతారు. హాయిగా ఉంటుంది. మధ్యాహ్నానికి నీడ లేని వాలు మీద అంతెత్తూ తిరిగి ఎక్కాలి. ఆ వేళకు అక్కడ 42, 43 డిగ్రీలు. మామూలు కొండల్లో ఎక్కడం ముందు, దిగడం తర్వాత. అలిసిపోతే వెనక్కి తిరిగితే సరి. లోయ బాటల్లో అలిసిపోయేసరికి మనిషి అడుగున ఉంటాడు. పైగా కారు ఆపిన చోట చల్లగా ఉంటుంది, దిగినకొద్దీ 100 మీటర్లకు అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా పెరుగుతూ పోతుంది. కారు దగ్గర చూసుకున్న ఉష్ణోగ్రత కింద చెల్లదు. ఎండలో ఎక్కేవాళ్లకు గంటకు లీటరు, లీటరున్నర చెమట పోతుంది. కడుపు గంటకు సుమారు లీటరును మించి లోపలికి తీసుకోలేదు. అంటే నీళ్లు చేతినిండా ఉన్నా లోటు పూడదు, ఆగి నీడన కూర్చోవాల్సిందే, కానీ నీడే లేదు. పసిపిల్లలు పెద్దవాళ్లకన్నా త్వరగా వేడెక్కుతారు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పడమే దానికి ముఖ్యమైన దిక్కు. గాయం లేకుండా అందరూ ఒకేచోట ఎలా పోతారు, ఇది కుట్ర కాక మరేమిటి అని అడిగేవాళ్లకు ఇంతకన్నా మర్మం లేదు: ఒకరు పడిపోతే రెండోవాళ్లు వదిలి వెళ్లరు. ఇంత తెలిసీ మీ శాఖ మన కొండబాట మొదట్లో పెట్టిన బోర్డు మీద ఉన్నదేమిటి? ప్లాస్టిక్ పారేయరాదు.

విషవాయువు విషయంలో మీ శాఖ చేసిన పని ఇంకా వింత. మీటరు పట్టుకెళ్లాం, ఏమీ లేదు, అన్నారు. ఏ మీటరు? గనుల్లో, మురుగు గోతుల్లో వాడే మామూలు నాలుగు వాయువుల మీటరు ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్, మండే వాయువులు చూస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌ను చూడదు. దానికి ఇన్‌ఫ్రారెడ్ సెన్సరు విడిగా ఉండాలి. పల్లంలో కార్బన్ డయాక్సైడ్ 5 శాతానికి చేరినా ఆక్సిజన్ 19.8 దగ్గరే కనిపిస్తుంది, అలారం 19.5కు దిగితే గానీ మోగదు. మీటరు నోరు మూసుకునే ఉంటుంది, మనిషికి మాత్రం ఊపిరి ఎగబోస్తుంది. 2006లో అదే కాలిఫోర్నియాలో మామత్ కొండ మీద ముగ్గురు రక్షణ సిబ్బంది భూమిలోంచి వచ్చే వాయువుకే బలయ్యారు. గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువైన వాయువది, గాలి కదలని రాత్రి పల్లంలో చేరుతుంది, పొద్దెక్కి గాలి వీస్తే చెదిరిపోతుంది. మధ్యాహ్నం గాలిలో నడుము ఎత్తున మీటరు పట్టుకుని లేదనడం ఏం కొలత? నేలకు జానెడు ఎత్తున, తెల్లవారుజామున, వాతావరణ పీడనం పడిపోతున్న రోజున కొలవాలి. పాత గనులు గాలి వదిలేది ఎక్కువగా పీడనం పడినప్పుడే.

ఇక శవం మీద గులాబీ రంగు మచ్చలు కనిపించాయన్న ఫోటో ఒకటి బయటికొచ్చి, కార్బన్ మోనాక్సైడే అని ఊరంతా తీర్పు చెప్పేసింది. ఆ రంగు ఆ వాయువుకు వస్తుంది, నిజమే. సయనైడుకూ వస్తుంది, చలికి పోయినవాళ్లకూ వస్తుంది, మార్చురీ ఫ్రిజ్‌లో పెట్టినా వస్తుంది. తేడా తేల్చడానికి రక్తంలో కార్బాక్సీహిమోగ్లోబిన్ (కార్బన్ మోనాక్సైడ్ అంటుకున్న హిమోగ్లోబిన్) శాతం చూస్తే చాలు. పెద్ద ఖర్చు లేదు, శవం పాతబడినా ఆ పరీక్ష చాలావరకు నిలుస్తుంది. అది చేయించారా? చేయించి ఉంటే ఎంత శాతం వచ్చిందో ఒక్క అంకె చెప్పడానికి మీకు అడ్డేమిటి?

కంటి లోపలి ద్రవం సంగతి మీ నివేదికలో లేనే లేదు. రక్తం చెడిపోయినా కొంతకాలం చెడకుండా ఉండేది అదే. బయటి కొస నుంచి సన్నటి సూదితో ఒక్కో కంటి నుంచి రెండు మూడు మిల్లీలీటర్లు మెల్లగా లాగాలి. గబుక్కున లాగితే కంటి పొర కణాలు కూడా వచ్చి పొటాషియం తప్పుగా పెరుగుతుంది. ఆ ద్రవంలో లీటరుకు సోడియం 155, క్లోరైడ్ 135 మిల్లీమోల్‌లు దాటి, యూరియా కూడా పెరిగి ఉంటే ఒంట్లో నీరు ఇగిరిపోయిందని అర్థం. కానీ ఆలస్యమైతే, ముఖ్యంగా ఎండలో, సోడియం, క్లోరైడ్ రెండూ వాటంతటవే పడిపోతాయి. అప్పుడు దాహంతో పోయిన మనిషికి కూడా నీళ్ల లోటే లేదన్నట్టు రిపోర్టు వస్తుంది. అలాంటి రిపోర్టు చేతికొస్తే ఇక హత్యే అనేవాళ్లను ఆపడం ఎవరి తరం? నమూనా ఏ రోజు, ఏ గంటకు తీశారో పక్కన రాస్తే చదివేవాళ్లకు అర్థమవుతుంది. అదీ రాయరు.

ఏటి నీళ్లను సిబ్బంది తాగే నీళ్ల సీసాలో పట్టి, జీపు ముందు భాగంలో ఎండలో పెట్టుకుని తెచ్చారని విన్నాం. అబద్ధమైతే సంతోషం. అనటాక్సిన్ వెలుతురు తగిలితే గంటల్లో విరిగిపోతుంది. గోధుమ రంగు గాజు సీసా, ఐసు పెట్టె, చీకటి, ఇవి లేకుండా తెచ్చిన నీళ్లలో విషం లేదని తేలితే తెచ్చే దారిలో పోయిందో, అసలే లేదో ఎవరికి తెలుసు? పైగా పైనున్న నీళ్లు కాదు పట్టాల్సింది, రాళ్లకు అంటుకున్న నాచు చాపలు. విషం ఎక్కువ ఉండేది వాటిలోనే, కుక్కలు నాకేదీ వాటినే.

ఫోను ఇంకో కథ. దొరికిన ఫోను ఆన్‌లో ఉంటే ఆరిపోనివ్వకూడదు. ఒకసారి ఆరిపోయి, పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు లేకపోతే లోపలి సమాచారం గట్టి తాళంలోకి వెళ్లిపోతుంది, తెరవడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి తెరుచుకోదు. సిగ్నల్ అందని సంచిలో పెట్టాలి, కానీ ఆ సంచిలో ఫోను సిగ్నల్ కోసం వెతుక్కుంటూ బ్యాటరీ తాగేస్తుంది, అందుకని లోపలే పవర్ బ్యాంకు తగిలించాలి. కాలిఫోర్నియా కేసులో ఫోను తెరవడానికి అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ సాయం కావాల్సి వచ్చింది. 2022 ఫిబ్రవరిలో బయటపెట్టిన సమాచారం ప్రకారం ఆ రోజు పొద్దున 11 గంటల 56 నిమిషాలకు నీళ్లు లేవు, పాపతో ఉన్నాం, వేడెక్కిపోతున్నాం, సాయం చేయండి అన్న అర్థంతో ఒక మెసేజీ పంపబోయారు. ఆ తర్వాత అయిదు కాల్స్ ప్రయత్నించారు. సిగ్నల్ లేక ఒక్కటీ వెళ్లలేదు. ఆత్మహత్య అన్నవాళ్లకు అంతకన్నా జవాబు ఏం కావాలి? మన దగ్గర దొరికిన ఫోన్లు ఏ బీరువాలో ఉన్నాయో దయచేసి కనుక్కుంటారా?

పిడుగు సంగతి కూడా చెప్పాలి గానీ, దాని గురించి పెద్దగా వాదన లేదు. చర్మం మీద చెట్టు కొమ్మల్లాంటి ఎర్రటి గీతలు వస్తే ఒక్క రోజులోపే మాసిపోతాయి. ఆలోపు ఫోటో తీయాలి, అంతే.

దాచిపెడితే ఎన్నేళ్లు వెంటాడుతుందో తెలియాలంటే 1959 ఫిబ్రవరిలో రష్యాలోని ఉత్తర ఉరాల్ కొండల్లో చనిపోయిన తొమ్మిదిమంది కొండయాత్రికుల కేసు చాలు. ఆ కనుమను ఇప్పుడు వాళ్ల నాయకుడు ద్యాత్లోవ్ పేరుతోనే పిలుస్తున్నారు. దర్యాప్తువాళ్లు వచ్చేలోపే గాలింపువాళ్లు గుడారాన్ని మంచుగొడ్డలితో కొట్టారు, సామాను కదిలించారు. అదే ఏడాది మే నెలలో, మనుషులు తట్టుకోలేని ప్రకృతి శక్తి ఏదో అని రాసి ఫైలు మూసేశారు. మీ ఒక్క వాక్యానికి అది అన్నగారు. అంతకుముందే అనుమానం అక్కడి మాన్సీ తెగ వేటగాళ్ల మీద పడి, వాళ్లను పిలిచి ప్రశ్నించారు. ఆ తర్వాత దశాబ్దాలపాటు క్షిపణులు, రహస్య ఆయుధాలు, మంచు మనిషి, వేరే గ్రహాలవాళ్లు. 2019లో మళ్లీ తెరిచి, 2020 జులైలో మంచుచరియ అన్నారు. 2021లో స్విట్జర్లాండు శాస్త్రవేత్తలు ఇద్దరు లెక్క కట్టి, గుడారం కోసం వాలును కోయడం, గాలి తెచ్చిపోసిన మంచు బరువు కలిసి కొన్ని గంటల తర్వాత చిన్న మంచు పలక జారి ఉండొచ్చని చూపించారు. అయినా నమ్మనివాళ్లు నమ్మరు. అరవై ఏళ్లు మౌనంగా ఉండి తర్వాత నిజం చెప్పినా అది ఇంకో ఊహలాగే వినిపిస్తుంది.

పనామాలో 2014లో ఇద్దరు డచ్ యువతులు అడవి బాటలో తప్పిపోయి చనిపోయినప్పుడు వాళ్ల కెమెరాలో ఫోటోల వరుసలో 509వ నంబరు లేదని తేలింది. ఆ ఒక్క నంబరు మీద ఇప్పటికీ కథలు అల్లుతున్నారు. మీరు దాచిన పేజీలు ఎన్ని నంబర్లకు సమానమో ఆలోచించండి.

మంత్రి గారూ, బాట మూశారు, ఎందుకో చెప్పలేదు. మళ్లీ తెరిచారు, ఏం మారిందో చెప్పలేదు. పోయినవాళ్ల ఇంటివాళ్లు ఒకపక్క ఏడుస్తూ ఇంకోపక్క తమవాళ్లు ఆత్మహత్య చేసుకోలేదని ముక్కూమొహం తెలియనివాళ్లకు సంజాయిషీ చెప్పుకుంటున్నారు. ఆ పని మీది. వాళ్ల ఫోటోలు, వైద్య వివరాలు వీధిలో పెట్టమని మేం అడగడం లేదు. ఏ కారణాలను పరిశీలించారు, ఏ పరీక్షతో ఏది కాదనుకున్నారు, ఆ నమూనా ఎప్పుడు తీశారు, ఏది చేయలేకపోయారు, ఎందుకు చేయలేకపోయారు, ఇవి రాయండి. చేయలేదని రాసినా గౌరవిస్తాం. తెలియరాలేదు అని మాత్రం మళ్లీ రాయకండి, వెతికి చూడకుండా తెలియరాలేదు అనడానికి శాఖ ఎందుకు, విచారణ కమిటీ ఎందుకు, దానికి అంత పెద్ద ప్రెస్ మీట్ ఎందుకు.

లోయలోకి దిగే బాటల మొదట్లో దిగడం సులువు, ఎక్కడం మధ్యాహ్నం ఎండలో అని, కింద సిగ్నల్ లేదని, ఏటి నీళ్లు ఎందుకు తాగకూడదో కారణంతో సహా రాసిన బోర్డు పెట్టించండి. ఎండ ముదిరిన నెలల్లో పొద్దున ఫలానా గంట తర్వాత దిగనివ్వకండి. ఇవేవీ కొత్త కోరికలు కావు, పాత కాగితాల్లో ఉన్నవే.

ఎండాకాలం మొదలైంది. అన్నిటికీ ఒకేసారి జవాబివ్వడం తమకు వీలుకాకపోతే, గాలింపు బృందాల సంచుల్లో 0 నుంచి 50 డిగ్రీల థర్మామీటరు పెట్టించారా లేదా అన్నది ముందు తెలియజేయండి. అవును, కాదు, ఏదైనా సరే.

ఇట్లు,
గాలింపు, రక్షణ, శవపరీక్ష పనుల్లో ఉన్నవాళ్లం